చినిగిన కోటు లోపల చెక్కుబుక్కు

పోయిన సంచికలో ఎవరో "కమెడియన్లు నిర్మాతలుగా మారితే బాగుపడతారా" అని అడిగితే నేను చార్లీ చాప్లిన్ పేరు చెప్పి, ఆయన యాక్టరే కాదు, కథ ఆయనదే, డైరెక్షన్ ఆయనదే, డబ్బులు కూడా ఆయనవే అని ఒక్క ముక్కలో తేల్చేశా. అంతే, ఇక ఉత్తరాలూ వాట్సాప్ మెసేజీలూ ఆగలేదు. సరే, ఈసారి కాలమ్ మొత్తం ఆయనకే ఇచ్చేద్దాం. మిగతా ప్రశ్నలు, ఆ సీరియల్ హీరోయిన్ పెళ్లి ఎప్పుడు అన్నదానితో సహా, వచ్చే నెలకి.

ప్ర: సార్, చాప్లిన్ నిజంగానే తిండికి లేని ఇంట్లోంచి వచ్చాడా, లేక అది కూడా సినిమావాళ్లు అల్లుకునే కథేనా? (తెనాలి)

జ: నిజమేనండి, ఇందులో పబ్లిసిటీ ఏమీ లేదు. 1889 ఏప్రిల్ 16న పుట్టాడు, పెరిగింది దక్షిణ లండన్‌లో. అమ్మ హన్నా, నాన్న చార్లెస్, ఇద్దరూ మ్యూజిక్ హాల్ పాటగాళ్లే. మ్యూజిక్ హాల్ అంటే మన రికార్డింగ్ డాన్సులూ మిమిక్రీ గారడీ అన్నీ ఒక్క టికెట్ మీద పెట్టేసి, ఎదురుగా జనం తాగుతూ కూర్చుని నచ్చకపోతే అరుస్తుంటే ఎలా ఉంటుందో అలా అనుకోండి. నాన్న ఇల్లొదిలి వెళ్లిపోయాడు, తాగి తాగి 1901లో పోయాడు. అమ్మకి ముందు గొంతు పోయింది, తర్వాత మతి కూడా చెడింది. 1896లో, అంటే పిల్లాడికి ఏడేళ్లప్పుడు, తల్లీ ఇద్దరు కొడుకులూ లాంబెత్ వర్క్‌హౌస్‌లో చేరారు. గతిలేనివాళ్లు గవర్నమెంటు పెట్టే తిండి కోసం చేరి అక్కడ పనిచేయాలి, అదీ వర్క్‌హౌస్ అంటే. అక్కణ్ణుంచి పిల్లల్ని హాన్వెల్‌లో బీదపిల్లల బడికి పంపారు, అక్కడ తలలో తామర వచ్చిందని గుండు గీసి అయోడిన్ పూశారు, మిగతా పిల్లలు దగ్గరకి రానిచ్చేవాళ్లు కాదు.

దీనికంటే ముందు జరిగిన ఒక ముచ్చట ఆయన ఆత్మకథలో ఉంది, అది చెప్పకుండా ముందుకెళ్లలేను. ఆల్డర్‌షాట్ అని సోల్జర్లు ఎక్కువుండే ఊరు. స్టేజీ మీద అమ్మ పాడుతుంటే గొంతు జీరపోయింది, జనం గోల. స్టేజీ మేనేజరు ఏం చేయాలో తోచక, పక్కనే నిలబడ్డ ఐదేళ్ల పిల్లాడి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి వదిలేశాడు. వాడు పాడాడు. సగం పాట అయ్యేసరికి చిల్లర వర్షంలా పడింది. వెంటనే వీడు పాట ఆపేసి, ముందు డబ్బులు ఏరుకుంటా, తర్వాత పాడతా అని జనానికే చెప్పాడు. హాలంతా నవ్వు. మేనేజరు రుమాలు తీసుకుని సాయంగా ఏరడానికి వస్తే, ఈయన కొట్టేస్తాడేమో అని పిల్లాడికి అనుమానం, ఆయన వెనకే వెళ్లి ఆ చిల్లర అమ్మ చేతిలో పడేదాకా వదల్లేదు, జనం ఇంకా నవ్వారు. ఐదేళ్ల వయసు జ్ఞాపకం కాబట్టి పెద్దయ్యాక కాస్త ఉప్పూకారం పడి ఉండొచ్చు, కాదనను. కానీ ఈ మనిషి కెరీర్ మొత్తం నాకు ఆ స్టేజీ మీదే కనిపిస్తుంది. ముందు చిల్లర ఏరుకున్నాడు, ఆ తర్వాతే తనకి నచ్చినట్టు పాడాడు.

ప్ర: ఆ టోపీ, కర్ర, బుల్లి మీసం ఐడియా ఎవరిది? (హన్మకొండ)

జ: ఆయనదే, కానీ పెద్ద ప్లానింగ్ ఏమీ కాదు. అప్పటికి ఫ్రెడ్ కార్నో అనే ఆయన నాటకాల కంపెనీతో అమెరికా టూర్ తిరుగుతుంటే కీస్టోన్ అనే కామెడీ సినిమాల కంపెనీ వాళ్లు పిలిచి ఉద్యోగమిచ్చారు. 1914 మొదట్లో ఓ రోజు బాసు మాక్ సెనెట్, ఏదో ఒక కామెడీ వేషం వేసుకుని రా అన్నాడు. ఈయన డ్రెస్ రూములోకి వెళ్లి అన్నీ ఒకదానికొకటి పొసగనివి ఏరాడు, ప్యాంటు లూజు, కోటు టైటు, టోపీ చిన్నది, బూట్లు పెద్దవి. ప్యాంటు అదే కంపెనీలో పనిచేసే లావుపాటి కమెడియన్ ఆర్బకుల్‌ది అంటారు. మీసం దేనికంటే, అప్పటికి ఈయనకి 24 ఏళ్లు, మరీ కుర్రాడిలా ఉన్నాడని సెనెట్ గొణిగాడు, అందుకని వయసు కనిపించాలని పెట్టాడు, కానీ మొహంలో కదలికలు దాచకూడదు కదా, అందుకే అంత బుల్లి మీసం.

ఆ దేశదిమ్మరి వేషంలో జనం ముందుకొచ్చిన మొదటి సినిమా 1914 ఫిబ్రవరి 7న రిలీజైంది, పిల్లల కార్ల పందెం దగ్గర తీసింది. పేరులో వెనిస్ ఉంటుంది, ఇటలీ అనుకునేరు, అది కాలిఫోర్నియాలో బీచ్ పక్కన పేట. కథేమీ లేదు. ఒకడు పందేన్ని షూట్ చేస్తుంటే వీడు ఊరికే కెమెరాకి అడ్డం వస్తుంటాడు, నెట్టేస్తే మళ్లీ వస్తాడు. అంతే సినిమా. మన పెళ్లి వీడియోల్లో ప్రతి ఫ్రేములోనూ దూరే బాబాయి ఒకాయన ఉంటాడే, అచ్చం ఆ టైపు.

ప్ర: నేను సీఏ చదువుతున్నాను. ఆయన జీతాల లెక్కలు ఉంటే చెప్పండి, ఒక కమెడియన్‌కి అంత ఎందుకిచ్చారో కూడా. (విశాఖపట్నం)

జ: మీరడిగారు కాబట్టి వరసగా చెప్తా. 1914లో కీస్టోన్‌లో వారానికి 150 డాలర్లు. 1915లో ఎస్సనే కంపెనీలో వారానికి 1,250, పైన 10 వేలు బోనస్. 1916లో మ్యూచువల్ కంపెనీలో వారానికి 10 వేలు, బోనస్ లక్షన్నర, మొత్తం ఏడాదికి 6 లక్షల 70 వేల డాలర్లు, అప్పటికి ఆయన వయసు 26. ఆ రోజుల్లో అమెరికా ప్రెసిడెంట్ జీతం ఏడాదికి 75 వేలు. 1917లో ఫస్ట్ నేషనల్‌తో ఎనిమిది సినిమాలకి పది లక్షల డాలర్లు. బేరాలు ఎక్కువగా అన్న సిడ్నీ ఆడేవాడు, మంచి గడుసువాడు. ఎందుకిచ్చారంటే, హాలు బయట ఈయన అట్టబొమ్మ ఒకటి నిలబెట్టి ఇవాళ నేనిక్కడున్నా అని రాస్తే చాలు, సినిమా పేరు కూడా అక్కర్లేకుండా జనం లోపలికి పోయేవాళ్లు.

అయితే సీఏ గారూ, అందరూ ఆ పది లక్షల దగ్గర ఆగిపోతారు, అసలు సంగతి దాని కింద గీతల్లో ఉంది. ఫస్ట్ నేషనల్ ఇచ్చింది జీతం కాదు, సినిమాకి ఇంత అని అడ్వాన్సు. సినిమా తీయడం, ఖర్చు పెట్టడం, ఎన్ని రోజులు తీస్తాడన్నది అంతా ఈయన చేతిలో. లాభంలో వాటా. కొన్నేళ్లయ్యాక హక్కులు తిరిగి ఈయనకే. ఆ ధైర్యంతో హాలీవుడ్‌లో లా బ్రియా ఎవెన్యూ మీద సొంత స్టూడియో కట్టుకున్నాడు, చుట్టుపక్కల కాలనీవాళ్లు ఫ్యాక్టరీలా ఉంటే ఒప్పుకునేది లేదన్నారని రోడ్డు వైపు మాత్రం ఇంగ్లండ్ పల్లెటూరి ఇళ్ల వరసలా కట్టించాడు. ఆ కట్టడాలు ఇప్పటికీ ఉన్నాయి, తర్వాత రోజుల్లో జిమ్ హెన్సన్ బొమ్మల కంపెనీ చేతికొస్తే వాళ్లు గేటు మీద కెర్మిట్ అనే తమ కప్పబొమ్మకి చాప్లిన్ వేషం వేసి నిలబెట్టారు.

ఇక 1919లో ఇంకో మెట్టు ఎక్కాడు. స్టార్ల రేట్లు పెరిగిపోతున్నాయని పెద్ద కంపెనీలన్నీ కలిసిపోయి వీళ్లని కట్టడి చేస్తాయన్న మాట వినిపించింది. వెంటనే అప్పటి స్టార్లు మేరీ పిక్‌ఫర్డ్, డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్, డైరెక్టర్ గ్రిఫిత్, ఈయన, నలుగురూ కలిసి యునైటెడ్ ఆర్టిస్ట్స్ అని సొంత డిస్ట్రిబ్యూషన్ కంపెనీ పెట్టేశారు. అంటే తీసేదీ తనే, అమ్మేదీ తనే.

'ది కిడ్' సంగతి వినండి, మీకు నచ్చుతుంది. 1920లో ఆ సినిమా షూటింగ్ అయ్యేసరికి మొదటి భార్యతో విడాకుల గొడవ నడుస్తోంది, లాయర్లు సినిమా నెగెటివ్‌ని కూడా ఆస్తి కింద జప్తు చేయిస్తారేమో అని భయం. దాంతో ఫిల్మ్ మొత్తం కాఫీ డబ్బాల్లో సర్దుకుని రాష్ట్రం దాటి సాల్ట్‌లేక్ సిటీ వెళ్లి, హోటల్ గదిలో కూర్చుని ఎడిటింగ్ చేశాడు. ఆ రోజుల్లో ఫిల్మ్ అంటే నైట్రేటు, అగ్గిపుల్ల గీస్తే భగ్గుమంటుంది. హోటల్ వాళ్లకి తెలిసుంటే గుండె ఆగేది. మేనేజర్ రుమాలు వెనకపడ్డ ఆ ఐదేళ్ల పిల్లాడేనా కాదా, మీరే చెప్పండి.

ప్ర: పోయినసారి మీరు చాప్లిన్‌ని అమెరికన్ అని రాశారు. తప్పు. (గుంటూరు)

జ: తప్పే, ఒప్పుకుంటున్నా. దాదాపు నలభై ఏళ్లు అక్కడున్నా అమెరికా పౌరసత్వం ఎప్పుడూ తీసుకోలేదు, చివరిదాకా బ్రిటిష్ వాడే. దానికి తర్వాత గట్టిగానే కట్టాల్సి వచ్చింది, కిందికి వెళ్తే మీకే తెలుస్తుంది.

ప్ర: అన్నా, నేను కృష్ణానగర్‌లో అసిస్టెంట్ డైరెక్టర్‌ని. చాప్లిన్ బౌండ్ స్క్రిప్ట్ లేకుండా తీసేవాడంటారు, అదెలా కుదురుతుంది? మా దగ్గర అలా తీస్తే ప్రొడ్యూసర్ కొడతాడు. (హైదరాబాద్)

జ: తమ్ముడూ, నీ ప్రశ్నలోనే జవాబుంది. ప్రొడ్యూసర్ కొట్టడు, ఎందుకంటే ప్రొడ్యూసర్ ఈయనే.

ఆయన రాసే పద్ధతి పెన్నుతో కాదు, కెమెరాతో. 1917లో తీసిన 'ది ఇమిగ్రెంట్' చూడు, రెండు రీళ్ల సినిమా. మొదటి సగం వలస వచ్చేవాళ్ల ఓడ, రెండో సగం హోటల్లో బిల్లు కట్టడానికి డబ్బుల్లేక పడే పాట్లు. నిజానికి ముందు తీసింది హోటల్ సీను. ఊరికే హోటల్ సెట్ వేసుకుని, బీన్స్ ప్లేటు ముందు పెట్టుకుని, ఏదో కామెడీ చేద్దామని మొదలెట్టాడు. తీస్తూ తీస్తూ ఉంటే, ఈ అమ్మాయి ఎవరు, వీడికి ఎక్కడ పరిచయం అన్న డౌటు వచ్చింది, అప్పుడు పుట్టింది ఓడ. అంటే ఇంటర్వెల్ తర్వాతది ముందు తీసి, ముందుది తర్వాత రాశాడు. పాత రషెస్, అంటే ఎడిటింగ్ చేయని ఫిల్మ్, దొరికాక 1983లో బ్రిటన్ టీవీ వాళ్లు డాక్యుమెంటరీ తీశారు, అందులో టేకుల నంబర్లు వరసగా చూస్తే ఆయన బుర్ర ఎటు తిరుగుతోందో కనిపిస్తుంది, దొరికితే తప్పకుండా చూడు.

ఇంక 'సిటీ లైట్స్'. పూలమ్మే అమ్మాయికి కళ్లు లేవు, ఆమె ఈ దేశదిమ్మరిని కోటీశ్వరుడు అనుకోవాలి. ఎలా అనుకుంటుంది? సినిమా మొత్తం ఈ ఒక్క మేకు మీద వేలాడుతోంది, ఆ మేకు దొరకలేదు. మాట పెడితే అయిపోయేది, కానీ మూకీ. నెలలు గడిచాయి. కెమెరామెన్ రోలీ టోథరో, సెట్ వాళ్లు, ఎక్స్‌ట్రాలు, అందరికీ జీతాలు పడుతూనే ఉన్నాయి, ఈయన కొన్నిసార్లు స్టూడియోకి కూడా వచ్చేవాడు కాదు. ఆ అమ్మాయి, వర్జీనియా షెరిల్, పువ్వు అందించే పద్ధతి కుదరలేదని మళ్లీ మళ్లీ తీశాడు. మధ్యలో ఆమెని తీసేసి ఇంకో హీరోయిన్‌తో ట్రై చేసి, అదీ కుదరక మళ్లీ ఈమెనే పిలిస్తే, జీతం డబుల్ చేస్తేనే వస్తా అందట. మంచి పని చేసింది.

చివరికి దొరికిన సొల్యూషన్ చూడు. ట్రాఫిక్ జామ్. రోడ్డు దాటడానికి దారిలేక మనోడు ఆగి ఉన్న ఖరీదైన కారులో ఒక డోరులోంచి ఎక్కి రెండో డోరులోంచి దిగుతాడు. డోరు ధడేలుమని మూసుకుంటుంది. ఆ పక్కనే కూర్చున్న అమ్మాయి ఆ చప్పుడు విని, ఎవరో కారాయన దిగాడనుకుని పువ్వు చాపుతుంది. వీడు తన దగ్గరున్న ఆఖరి నాణెం ఇస్తాడు. ఆమె చిల్లర తీసేలోపు అసలు కారు ఓనరు వచ్చి ఎక్కి వెళ్లిపోతాడు, మళ్లీ డోరు చప్పుడు. ఆయన చిల్లర తీసుకోకుండా పోయాడనుకుంటుంది. వీడు అక్కడే నిలబడి, అర్థమై, చప్పుడు కాకుండా మునివేళ్ల మీద జరుగుతాడు. మూకీ సినిమాలో కథంతా ఒక చప్పుడు మీద నిలబెట్టాడు, ఆ చప్పుడు మనకి వినపడదు, కనపడుతుంది. ఈ ఒక్క సీనుకి 342 టేకులని గిన్నిస్ బుక్కులో ఉంది. సినిమా మొత్తం దాదాపు రెండేళ్లు.

ఇప్పుడు నీ నిర్మాత దగ్గరికెళ్లి డోరు చప్పుడు కోసం రెండేళ్లు ఆగుదాం సార్ అను చూద్దాం. వద్దులే, నీ ఉద్యోగం పోతుంది.

ఒక్క మాట మాత్రం. ఈ పద్ధతిలో పక్కన పనిచేసేవాళ్లకి నరకమే, అన్నీ ఆయన చేసి చూపించి, అచ్చం అలాగే చేయమనేవాడు, ఆడపాత్రలు కూడా. కానీ జీతం విషయంలో మాత్రం వేరే లెక్క. తొలిరోజుల హీరోయిన్ ఎడ్నా పర్వియన్స్ సినిమాలు మానేసినా కూడా 1958లో చనిపోయేదాకా ఈయన కంపెనీ నుంచి జీతం అందుతూనే ఉంది. మన ఊళ్లో బ్యాలెన్స్ పేమెంట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే నీకు ఇది పురాణంలా వినపడుతుందని తెలుసు.

ప్ర: అంకుల్, చాప్లిన్ నిజంగా బూటు తిన్నాడా? నేను ఏడో తరగతి. (ఒంగోలు)

జ: తిన్నాడు నాన్నా, కానీ ఆ బూటు అతిమధురంతో చేసింది. దగ్గొస్తే మీ అమ్మమ్మ బుగ్గన పెట్టుకోమంటుందే ఆ వేరు, దాన్ని అక్కడ నల్లటి మిఠాయిలా చేస్తారు. 1925లో వచ్చిన 'ది గోల్డ్ రష్' అనే సినిమాలో మంచు తుఫానులో ఆకలికి బూటు ఉడకబెట్టి తింటాడు, లేసులు నూడుల్స్‌లా ఫోర్కుకి చుట్టుకుని, మేకులు చికెన్ ఎముకల్లా చప్పరిస్తూ. మూడు రోజులు తీశారట ఆ సీను, అతిమధురం ఎక్కువ తింటే ఏమవుతుందో మీ అమ్మమ్మని అడుగు, యూనిట్ వాళ్లకి అదే అయింది. ఆ మంచు కూడా చాలామటుకు మంచు కాదు, స్టూడియోలో పోసిన ఉప్పూ పిండీ.

ప్ర: టాకీలు వచ్చాక కూడా మాట్లాడకుండా ఎందుకు మొండికేశాడు? (రాజమండ్రి)

జ: మొండితనం కొంత, లెక్క కొంత. ఆ దేశదిమ్మరి నోరు తెరిస్తే ఇంగ్లీషోడైపోతాడు, అప్పటిదాకా జపాన్‌లో జపాన్ వాడు, రష్యాలో రష్యా వాడు. అది ఆయనకి బాగా తెలుసు. 1931 జనవరిలో 'సిటీ లైట్స్' మూకీగా, మ్యూజిక్ మాత్రం తనే కట్టి రిలీజ్ చేశాడు. అప్పటికి అమెరికాలో మూకీలు చచ్చిపోయి మూడేళ్లు. మన 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది, అంటే తెలుగోడు తెర మీద పద్యం అందుకోవడానికి రెడీ అవుతున్న టైములో ఈయన ఇంకా నోరు కట్టేసుకుని కూర్చున్నాడు. హాళ్లవాళ్లు నసిగితే న్యూయార్క్‌లో తనే ఒక థియేటర్ అద్దెకి తీసుకుని ఆడించాడు, లాభం కూడా వచ్చింది.

1936లో 'మోడరన్ టైమ్స్'కి డైలాగులు రాసుకున్నాడు, టెస్టులు చేశాడు, మళ్లీ పక్కన పడేశాడు. చివర్లో మాత్రం హోటల్లో పాట పాడాలి, సాహిత్యం చేతి కఫ్ మీద రాసుకుంటాడు, చెయ్యి విసిరితే కఫ్ ఎగిరిపోతుంది, ఇంక నోటికొచ్చిన ఫ్రెంచో ఇటాలియనో తెలియని భాషలో పాడేస్తాడు. జనం ఆయన గొంతు మొదటిసారి విన్నారు, ఒక్క ముక్క అర్థం కాలేదు. అదీ పొగరంటే.

నేను ఆయన్ని మొదటిసారి చూసింది మా ఊరి వినాయక చవితి పందిట్లో, 16 ఎంఎం ప్రొజెక్టరు, తెర బదులు దుప్పటి, గాలికి అది ఊగుతుంటే చాప్లిన్ కూడా ఇంకో రెండు వంకర్లు ఎక్కువ నడిచేవాడు. పక్కన మా నాయనమ్మ. ఆవిడకి చదువు రాదు, లండన్ అంటే తెలీదు, మధ్యలో వచ్చే ఇంగ్లీషు అక్షరాలు పడితే తమలపాకు నమిలేది, మనోడు రాగానే పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. పోలీసు వస్తుంటే "ఒరే వెనక చూసుకోరా" అని కేక కూడా వేసింది.

ఇక 'ది గ్రేట్ డిక్టేటర్', 1940. మాటల సినిమా, హిట్లర్ మీద. ఇద్దరూ ఒకే ఏడాది ఒకే నెలలో నాలుగు రోజుల తేడాతో పుట్టారు, మీసం కూడా అదే, ఇంకేం కావాలి. యూరప్‌లో యుద్ధం మొదలైన కొద్ది రోజులకే షూటింగ్ మొదలెట్టాడు. పెద్ద స్టూడియోలు జర్మనీ మార్కెట్ పోతుందని నోరెత్తని కాలం అది, ఈయన సొంత డబ్బు పెట్టాడు. ఆయన సినిమాలన్నిట్లోకీ ఎక్కువ వసూలు చేసింది అదే.

ప్ర: గాంధీగారిని చాప్లిన్ కలిశారని చిన్నప్పుడు చదివాను, నిజమేనా? రిటైర్డ్ టీచర్ని. (అనంతపురం)

జ: నిజమే మాస్టారూ. 1931 సెప్టెంబర్ 22న, రౌండ్ టేబుల్ సమావేశానికి గాంధీగారు లండన్ వచ్చినప్పుడు, ఈస్ట్ లండన్ బీదపేటలో డాక్టర్ కటియాల్ గారింట్లో. వీధి నిండా జనం, ఎవర్ని చూడ్డానికొచ్చారో వాళ్లకే తెలీనంత. గాంధీగారికి అప్పటిదాకా ఈయనెవరో తెలియదంటారు, సినిమాలు చూస్తేగా. చాప్లిన్ అడిగింది యంత్రాల గురించి, మనిషి బరువు తగ్గిస్తాయి కదా మీకెందుకు పడవు అని. యంత్రాల వల్లే మేం ఇంగ్లండ్ మీద ఆధారపడాల్సి వచ్చింది, ముందు ఆ ఆధారపడటం వదిలించుకోవాలి అన్న అర్థంలో గాంధీగారు చెప్పారు. తర్వాత ప్రార్థన, ఈయన ఓ పక్కన కూర్చుని చూశాడు. ఐదేళ్ల తర్వాత ఫ్యాక్టరీ పళ్లచక్రాల్లో ఇరుక్కునే మనిషి సినిమా, అదే 'మోడరన్ టైమ్స్', వచ్చింది, రెండిటికీ ముడిపెట్టేవాళ్లున్నారు. నేనైతే పూర్తిగా ముడిపెట్టను, అమెరికాలో అప్పుడు ఎక్కడ చూసినా ఉద్యోగాలు పోయినవాళ్లే, అది చాలు ఆ సినిమాకి.

ప్ర: మీరు బాగానే పొగుడుతున్నారు. ఆయన పెళ్లిళ్ల గురించి కూడా రాయండి మరి. (నిజామాబాద్ నుంచి ఒక పాఠకురాలు)

జ: రాస్తానమ్మా, దాచేదేం లేదు. నాలుగు పెళ్లిళ్లు. మొదటి ఇద్దరూ, మిల్‌డ్రెడ్ హారిస్, లీటా గ్రే, పెళ్లినాటికి టీనేజి పిల్లలు. లీటాకి 16, ఆయనకి 35. ఆమె 'గోల్డ్ రష్'లో హీరోయిన్, గర్భం రావడంతో సినిమా నుంచి తప్పించి, మెక్సికో తీసుకెళ్లి గుట్టుగా పెళ్లి చేసుకున్నాడు. 1927లో విడాకులకి 6 లక్షల డాలర్ల పైన కట్టాడు. కాలం అలాంటిది అనేవాళ్లున్నారు, ఆ కాలంలోనే జనం ఛీ అన్నారు, పేపర్లు ఉతికేశాయి. ఆయన సినిమాకి నవ్వుతా, ఈ విషయంలో ఆయన్ని వెనకేసుకు రాను. నాలుగో ఆవిడ ఊనా, నాటక రచయిత యూజీన్ ఓనీల్ కూతురు, ఆమెకి 18, ఈయనకి 54, కానీ ఆ కాపురం మాత్రం ఎనిమిది మంది పిల్లలతో చివరిదాకా నిలబడింది.

ప్ర: మన తెలుగులో చాప్లిన్‌లా నిర్మాతలైన కమెడియన్లు లేరా? మా జిల్లా పద్మనాభం గారి గురించి ఎవరూ రాయరేం? (కడప)

జ: రాయాల్సిందే. సింహాద్రిపురం పిల్లాడు, మద్రాసు చేరి, 'పాతాళ భైరవి'లో సదాజపుడై, రేఖా అండ్ మురళీ అని సొంత బ్యానర్ పెట్టి 1965లో ఎన్టీఆర్, సావిత్రిలతో 'దేవత' తీశాడు. 1967లో 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న', హీరో తనే. మ్యూజిక్ డైరెక్టర్ కోదండపాణి ఒక కుర్రాణ్ణి తీసుకొస్తే పాడించాడు, ఆ కుర్రాడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం. ఆ ఒక్క పనికే పద్మనాభానికి మనం బాకీ. 1970లో 'కథానాయిక మొల్ల', డైరెక్షన్ కూడా తనే, వాణిశ్రీ మొల్ల, మొల్లది కూడా మీ కడప వైపేనంటారు. నవ్వించే మనిషి ఏడిపించే సినిమా తీయాలని తపన పడటం చూడండి, చాప్లిన్ కూడా 1923లో 'ఎ వుమన్ ఆఫ్ పారిస్' అని సీరియస్ సినిమా తీశాడు, తను మాత్రం ఒక్క సీనులో కూలీవాడిగా పెట్టె మోసుకుంటూ పోతాడు. విమర్శకులు మెచ్చుకున్నారు, జనం మాత్రం మా చార్లీ ఏడీ అన్నారు.

రాజబాబు కూడా నిర్మాతే, 'ఎవరికి వారే యమునా తీరే', 'మనిషి రోడ్డున పడ్డాడు' ఆయనవే. తేడా ఎక్కడంటే, మన దగ్గర నిర్మాత సినిమా మొదలెట్టాలంటే డిస్ట్రిబ్యూటర్ అడ్వాన్సో, వడ్డీకి ఫైనాన్సో కావాలి, రిలీజయ్యేసరికి లాభం ఎవరి జేబులోకి పోవాలో ముందే రాసి ఉంటుంది. చాప్లిన్‌కి డిస్ట్రిబ్యూషన్ కంపెనీలోనే వాటా ఉంది. మనవాళ్లు ఎవరూ ఆ చివరి మెట్టు ఎక్కలేదు, ఎక్కనివ్వలేదు కూడా.

ప్ర: అమెరికా నుంచి ఎందుకు గెంటేశారు, చివరికి ఏమైంది? వీసా బాధలు తెలిసినవాణ్ణి, అందుకే అడుగుతున్నా. (డల్లాస్)

జ: మీకు బాగా అర్థమవుతుంది అయితే. కమ్యూనిస్టు అన్న అనుమానం, ఎఫ్‌బీఐ ఫైలు, పెళ్లిళ్ల గొడవలు, పైగా ఇన్నేళ్లుండి పౌరసత్వం తీసుకోలేదన్న కోపం, అన్నీ పోగయ్యాయి. 1952 సెప్టెంబర్‌లో 'లైమ్‌లైట్' సినిమా ప్రీమియర్ కోసం కుటుంబంతో లండన్‌కి ఓడ ఎక్కాడు. ఓడ నడిసముద్రంలో ఉండగా అటార్నీ జనరల్ ఈయన రీఎంట్రీ పర్మిట్ రద్దు చేశాడు. మళ్లీ రావాలంటే విచారణకి నిలబడాలి. ఈయన నిలబడనన్నాడు. ఊనా పుట్టుకతో అమెరికన్ కాబట్టి, ఆమె ఒక్కతే తిరిగెళ్లి బ్యాంకులో ఉన్నదంతా సర్దుకొచ్చింది, చిల్లర ఏరే పని ఈసారి ఆవిడ మీద పడింది. స్విట్జర్లాండ్‌లో వెవే దగ్గర పెద్ద ఇల్లు కొన్నారు. లా బ్రియా స్టూడియో అమ్మేశాడు, 1955లో యునైటెడ్ ఆర్టిస్ట్స్ వాటా కూడా అమ్మేశాడు. పాత సినిమాల హక్కులు మాత్రం వదల్లేదు, వాటికి మ్యూజిక్ కట్టుకుంటూ మళ్లీ మళ్లీ రిలీజ్ చేసుకుంటూ బతికాడు.

1972లో గౌరవ ఆస్కార్ ఇస్తామని పిలిస్తే ఇరవై ఏళ్ల తర్వాత వెళ్లాడు, జనం నిలబడి పన్నెండు నిమిషాలు చప్పట్లు కొట్టారంటారు. మరుసటి ఏడాది ఇంకో తమాషా, 'లైమ్‌లైట్' లాస్ ఏంజెలెస్‌లో 1972 దాకా ఆడలేదు కాబట్టి, ఇరవై ఏళ్ల కిందటి సినిమాకి 1973లో మ్యూజిక్ ఆస్కార్ వచ్చింది. 1977 డిసెంబర్ 25న, క్రిస్మస్ పొద్దున, నిద్రలో పోయాడు.

అక్కడితో అయిపోలేదు. 1978 మార్చిలో ఇద్దరు మెకానిక్కులు రాత్రిపూట సమాధి తవ్వి శవపేటిక ఎత్తుకుపోయి, ఆరు లక్షల డాలర్లు ఇస్తే తిరిగిస్తామని ఇంటికి ఫోన్ చేశారు. ఊనా ఇవ్వనంది, వింటే ఆయనే నవ్వేవాడు అంది. పోలీసులు చుట్టుపక్కల ఫోన్ బూత్‌లన్నీ కాపలా కాసి మే నెలలో పట్టుకున్నారు, పేటిక ఓ రైతు మొక్కజొన్న చేలో పూడ్చి ఉంది. మళ్లీ తీసుకొచ్చి పాత చోటే పెట్టారు, ఈసారి పైన కాంక్రీటు పోయించి మరీ.